చిత్రిక మీద పేరు

(ఒక దళితవాడ కమ్యూనిటీ హాలులో యువకులకు, కార్యకర్తలకు జరిగిన చేతిపనుల తరగతిలో ఒక చెక్కపని కార్మికుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చువేస్తున్నాం. - సం.)



నేను ఉపన్యాసకుణ్ణి కాదు. చెక్కపని చేసుకొని బతికేవాణ్ణి. మాట తడబడితే సర్దుకోండి. అందుకే మాటతోపాటు ఒక వస్తువు కూడా తెచ్చాను. ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నా. దూరం నుంచి చూడొద్దు. చేతికి తీసుకోండి. ఒకరి చేతినుంచి ఒకరికి అందివ్వండి.

ఇది చిత్రిక. తెలంగాణ అన్నలు రందా అంటారు. ఒక తుమ్మచెక్క దిమ్మె. మధ్యలో నోరు. ఆ నోట్లో ఇనుప అలుగు. అలుగు కదలకుండా బిగించే చిన్న చెక్క. ఇంతే సరంజామా. నాకంటే వయసులో పెద్దది ఇది. దీని కథ ముందు చెప్పి, ఆ తర్వాత అసలు విషయంలోకి వస్తా.

మా నాన్న పాలేరు. ఆసామి చేలగట్ల మీద తుమ్మచెట్లు కొట్టి, మొద్దులు బండికెత్తి, ఊళ్లో వడ్రంగి ఆచారి గారి కొట్టానికి తోలేవాడు. నేను బండి వెంట పోయేవాణ్ణి. ఎనిమిదేళ్లుంటాయి. చెట్టు కొట్టింది మా నాన్న. మొద్దుకు బెరడు తీసింది మా నాన్న. కోత రంపానికి కింద గుంటలో నిలబడి, కళ్లల్లో పొట్టు పడుతుంటే పైకీ కిందికీ లాగింది మా నాన్న. కానీ ఆ చెక్క కొట్టంలోకి పోయినాక మేం గడప ఇవతలే. ఆచారి గారు చిత్రిక పడుతుంటే పొట్టు సన్నటి రిబ్బన్లలాగా చుట్టలు తిరుగుతూ పడేది. ఆ పొట్టు ఏరుకొని పొయ్యిలోకి తీసుకుపోవచ్చు. చిత్రికను మాత్రం ముట్టుకోకూడదు.

ఒకరోజు ముట్టుకున్నా. ఆచారి గారు కొట్టలేదు. తిట్టలేదు కూడా. చిత్రికను తీసుకుపోయి నీళ్లతో కడిగాడు. చెక్క చిత్రికను నీళ్లతో కడగకూడదు. తడిస్తే దిమ్మె ఉబ్బుద్ది, ఆరాక వంకర తిరుగుద్ది, నెర్రె ఇస్తది. ఈ సంగతి చెక్కపని చేసే ఎవరికైనా తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు. అయినా కడిగాడు. పనిముట్టు పాడైనా పరవాలేదు, మన చెయ్యి తగిలిన మచ్చ మాత్రం ఉండకూడదు. కులం అంటే ఏందో నాకు ఏ పుస్తకమూ చెప్పకముందు ఆ చెంబు నీళ్లు చెప్పినయ్.

తర్వాత నేను ఐటీఐలో కార్పెంటరీ ట్రేడు చదివాను. పట్నంలో పనిచేశాను. చాలా ఏళ్లకు ఊరికి వస్తే ఆచారి గారు లేరు. ఆయన కొడుకు కరెంటు మిషను కొన్నాడు, అప్పు తీరక అమ్మేశాడు, ఇప్పుడు పట్నంలో ఫర్నిచర్ షాపులో రోజుకూలి. కొట్టం వెనక వంటచెరుకు కుప్పలో పాత చిత్రికలు పడున్నయ్. "కావాలంటే తీసుకుపో అన్నా" అన్నాడు. వాళ్ల నాయన నోట నేను ఎప్పుడూ అనిపించుకోని మాట అది. తెచ్చుకున్నా. అవిసె నూనె పట్టించి, అలుగు నూరి, మళ్లీ పనిలో పెట్టా. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్నది అదే.

దాన్ని ఆ రోజు అటు తిప్పి ఇటు తిప్పి చూశా. ఎవరు చేశారో పేరు ఉంటదేమోనని. లేదు. మన ఊళ్లల్లో ఏ నాగలి మీద ఉంది గనక, ఏ బండిచక్రం మీద ఉంది గనక, దీని మీద ఉండటానికి?

పేరున్న చిత్రికలు ఉన్నాయి. వాటిల్లో కొన్నిటి మీద ఒక బానిస పేరుంది. ఈరోజు నేను చెప్పదలుచుకున్నది ఆయన గురించే.

అమెరికా సంగతి మనకెందుకు?

ఎక్కడో అమెరికాలో బానిస గురించి ఈ వాడలో కూర్చొని ఎందుకు మాట్లాడుకోవాలి అని అడగొచ్చు. జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' రాసినప్పుడు, ఆ పుస్తకాన్ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుబడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు, ఆయన జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో మన పిల్లలు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారంటే, ఆ పేరు అక్కడి బ్లాక్ పాంథర్స్ నుంచి వచ్చిందే. మన పెద్దలు వేసిన దోవే ఇది. నేను ఆ దోవలో ఒక పనిముట్టు పట్టుకొని పోతున్నా, అంతే.

చిత్రిక ఎట్టా పనిచేస్తుంది?

ఆ మనిషిని అర్థం చేసుకోవాలంటే ఆయన చేసిన పని ముందు అర్థం కావాలి. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

చిత్రిక అంటే ఉలిని ఒక దిమ్మెలో బంధించడం. ఒట్టి ఉలితో చెక్కితే ఎంత లోతు దిగాలో చెయ్యి చెప్పాలి. చెయ్యి తప్పితే గుంట పడిపోద్ది. చిత్రికలో ఆ లోతును దిమ్మె అడుగు చెబుతుంది. అడుగు చదునుగా ఉంటుంది. అలుగు మొన ఆ చదును కంటే వెంట్రుకవాసి కిందికి దిగి ఉంటుంది. ఆ వెంట్రుకవాసే కోస్తుంది. ఎత్తుగా ఉన్నచోట కోస్తుంది. పల్లంగా ఉన్నచోట ముట్టుకోకుండా దాటిపోతుంది. ఎత్తులన్నీ పోయి పల్లాలతో సమానం అయ్యేదాకా అట్టా తోస్తూనే ఉండాలి.

నవ్వుతున్నారు. నేను చెక్క గురించే చెబుతున్నా.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. ఇటలీలో పాంపే అనే పట్నం క్రీస్తుశకం 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. తవ్వకాల్లో అక్కడ చిత్రికలు బయటపడ్డాయి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటివి. అప్పటికీ ఇదే తీరు. దిమ్మె, నోరు, వాలుగా అలుగు, దాన్ని బిగించే చెక్క. జపానులో చిత్రికను ముందుకు తోయరు, తమవైపు లాగుతారు. పద్ధతి వేరైనా సూత్రం ఒకటే.

అలుగు ఎక్కువగా 45 డిగ్రీల వాలులో కూర్చుంటుంది. గట్టిచెక్క మీద పనిచేసేవాటిలో ఇంకొంచెం నిటారుగా పెడతారు. పాతకాలపు అలుగు అంతా ఉక్కు కాదు. పైన మెత్తటి ఇనుము, కోసే మొన దగ్గర ఉక్కు ముక్క కొలిమిలో అతికించేవాళ్లు. మన కమ్మరి గొడ్డలికి ఉక్కు వేసినట్టే.

దీనికి మరలు, స్క్రూలు ఉండవు. అలుగు ఇంకాస్త దిగాలంటే దాని తల మీద సుత్తితో చిన్నగా తట్టాలి. పైకి రావాలంటే దిమ్మె వెనక భాగం మీద తట్టాలి. తట్టాక బిగింపు చెక్కను మళ్లీ ఒక దెబ్బ వేసి బిగించాలి. తర్వాత తిరగేసి, అడుగు వెంబడి కన్ను పెట్టి చూడాలి. అలుగు మొన సన్నటి నల్లగీతలాగా కనపడాలి. రెండు మూలలూ సమానంగా ఉండాలి. పనికిరాని చెక్కముక్క మీద ఒకసారి తోసి చూడాలి. నాలుగు రోజులు తట్టితే చెయ్యికి అర్థమైపోద్ది.

ఒక చిత్రికతో పని కాదు. రంపం నుంచి వచ్చిన గరుకు పలకను ముందు ముతక చిత్రికతో దించాలి. ఐటీఐలో జాక్ ప్లేన్ అంటారు. ఆ పాత చెక్కవాటిలో అది అడుగున్నర లోపు పొడవుండేది. దాని అలుగు మొన కొంచెం గుండ్రంగా నూరతారు, ఎక్కువ చెక్క లేవడానికి. తర్వాత పొడుగు చిత్రిక. రెండడుగులు, రెండున్నర అడుగులు కూడా ఉంటుంది. పొడుగెందుకు? పొట్టిది పల్లంలోకి దిగి ఎక్కుద్ది. పొడుగుది ఎత్తుల మీదే ఆనుతూ పోద్ది, అంచు తిన్నగా వస్తుంది. చివరికి అర చేతిలో ఇమిడేంత పొట్టి చిత్రిక, నునుపు కోసం.

ఇంకొక మాట. చెక్కలో నార ఎటు వాలి ఉందో అటే తోయాలి. ఎదురు తోస్తే పేళ్లు లేస్తయ్. పలకను పక్కకు తిప్పి అంచు చూస్తే నార ఎటెక్కుతున్నదో తెలుస్తుంది. ఎక్కే వైపే తోయండి.

ఇవి చదునుచేసే చిత్రికలు. ఇవి కాక అచ్చుచిత్రికలు ఉన్నయ్. తలుపు చట్రాలకు, కిటికీలకు, పైకప్పు అంచులకు వంపులు, గాడులు, గుండ్రాలు తీసేవి. ఒక్కో వంపుకు ఒక్కో చిత్రిక. దాని అడుగే ఆ వంపు ఆకారంలో ఉంటుంది, అలుగు కూడా అదే ఆకారంలో నూరి ఉంటుంది. కాబట్టి ఒక వడ్రంగి దగ్గర యాభై అరవై ఉన్నా ఎక్కువ కాదు. వీటిని చేయడం మహా కష్టం. దిమ్మెలో వాలునోరు తొలవాలి. బిగింపు చెక్క సరిగ్గా కూర్చునేట్టు పక్కన గాడి తీయాలి. ఒక వెంట్రుక తేడా వచ్చినా పొట్టు నోట్లో ఇరుక్కుంటుంది. ఆ ఇరుకునోట్లో ఉలి ఆడించడం నేను చేసి చూశా. మూడు దిమ్మెలు పాడు చేసినాక నాలుగోది కుదిరింది. అట్టాంటి పని చేసినవాడు ఆ మనిషి.

రెంథమ్ ఊరి సీజర్

అమెరికాలో మసాచుసెట్స్ అనే ప్రాంతం. బోస్టన్ పట్నానికి దక్షిణాన రెంథమ్ అని ఒక ఊరు. 1700ల నాటి మాట. అప్పటికి అమెరికా దేశమే పుట్టలేదు, బ్రిటిష్ వాళ్ల వలసగా ఉంది. ఆ ఊళ్లో ఫ్రాన్సిస్ నికల్సన్ అని ఒక తెల్లాయన ఉండేవాడు. 1683లో పుట్టాడు. చిత్రికలు చేసి అమ్మేవాడు. అమెరికాలో తన ముద్ర కొట్టి చిత్రికలు అమ్మినవాళ్లలో మనకు తెలిసిన మొట్టమొదటివాడు ఆయనే అంటారు. దిమ్మె ముందు మొహం మీద ఇనుప ముద్రతో తన పేరు, 'రెంథమ్‌లో నివసించే' అనే మాట కొట్టేవాడు. అక్కడ అదొక పద్ధతి. చేసినవాడి పేరు అక్కడే. కొనుక్కున్నవాడు కూడా తన పేరు అదే మొహం మీద కొట్టుకునేవాడు. చేతులు మారేకొద్దీ పేర్లు పెరుగుతయ్. పాత చిత్రికను చూసి ఎవరెవరు వాడారో చదవొచ్చు.

ఆ నికల్సన్ దగ్గర ఒక నల్లమనిషి బానిస. పేరు సీజర్ షెలర్. సుమారు 1720లో పుట్టాడు. సీజర్ అనేది రోమ్ చక్రవర్తి పేరు. బానిసలకు సీజర్ అని, పాంపే అని పేర్లు పెట్టడం ఆ రోజుల్లో తెల్ల యజమానులకు అలవాటు. చక్రవర్తి పేరుతో పిలిచి నీళ్లు మోయిస్తే వాళ్లకదొక వేడుక. మనకు ఇంకో తీరు. తల్లిదండ్రులు వెంకయ్య అని పెట్టుకుంటే ఊరు ఎంకిగాడు అన్నది. వాళ్లు పేరు పెంచి ఎగతాళి చేశారు, వీళ్లు పేరు తుంచి ఎగతాళి చేశారు.

సీజర్ ఆ కొట్టంలో చిత్రికలు చేశాడు. పసుపు బిర్చి అనే చెక్క కోసి, ఆరబెట్టి, దాదాపు 10 అంగుళాల పొడవు దిమ్మెలు తీసి, నోళ్లు తొలిచి, వంపులు దించాడు. ఆయన చేతిలోంచి పోయిన చిత్రిక మొహం మీద పడిన పేరేది? యజమానిది. నికల్సన్ ముద్ర ఉన్న పాత చిత్రికలు ఈరోజుకీ ఉన్నయ్. వాటిల్లో సీజర్ చేసినవి ఏవి, నికల్సన్ చేసినవి ఏవి అంటే ముద్ర చెప్పదు. ముద్ర యజమాని ఎవరో చెబుతుంది గానీ, పనిచేసింది ఎవరో చెప్పదు.

ఆ చిత్రికల్లో పెద్దది ఒకటుండేది. ఇంటి పైకప్పు అంచుకు నాలుగైదు అంగుళాల వెడల్పు వంపు తీసే చిత్రిక. అంత వెడల్పు చెక్కను ఒకే ఊపులో లేపాలంటే ఒక మనిషి బలం చాలదు. అందుకని దిమ్మె ముందుభాగంలో అడ్డంగా ఒక కర్రకో తాడుకో చోటు పెట్టేవాళ్లు. వెనక మేస్త్రీ తోస్తాడు, ముందు ఒక మనిషి లాగుతాడు. ఆ ఇళ్లను ఇప్పటికీ జనం పోయి చూస్తారు, ఆ వంపుల అందం చూసి మెచ్చుకుంటారు. ముందు తాడు లాగినవాడి పేరు ఎవరికీ పట్టదు. ఆ మాట చదివినప్పుడు నాకు కోత గుంటలో నిలబడ్డ మా నాన్న యాదికొచ్చాడు.

వీలునామాలో ఏముంది?

నికల్సన్ 1753లో చనిపోయాడు. తన వీలునామాలో సీజర్‌కు స్వేచ్ఛ ఇస్తున్నట్టు రాశాడు. ఉత్త స్వేచ్ఛ కాదు. ఏమేం ఇచ్చాడో వినండి. అతని మంచం, పరుపు. అతని బట్టలపెట్టె. అతను పనిచేసే బల్ల. పనిముట్ల పెట్టె. అచ్చుచిత్రికలు చేయడానికి కావలసిన పనిముట్లు. పనిముట్లు చేసుకోవడానికి చెక్క. 10 ఎకరాల భూమి.

కారణం కూడా రాశాడు. నమ్మకంగా సేవ చేశాడని, ఆప్యాయంగా చూసుకున్నాడని. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఎంత మంచి యజమాని అని చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు. అన్నా, ఒక మనిషి జవానీ మొత్తాన్ని కూలి ఇవ్వకుండా వాడుకొని, తాను కళ్లు మూసేటప్పుడు వదిలిపెడితే దాన్ని దానం అంటామా? తన బతుకంతా తనకింద ఉంచుకున్నాడు. తాను పోయాకనే విడిచాడు. ఆ పది ఎకరాలు, ఆ పనిముట్లు సీజర్ సంపాదించుకున్నవే. ఆలస్యంగా, వడ్డీ లేకుండా చెల్లించిన బాకీ అది.

కానీ ఆ వీలునామాలో మనం నేర్చుకోవలసింది ఒకటి ఉంది. మనిషి తన కాళ్ల మీద నిలబడాలంటే ఏమేం కావాలో ఆ పట్టీలో ఉంది. ఉండటానికి, పండించుకోవడానికి భూమి. చేతికి పనిముట్లు. మొదలుపెట్టడానికి సరుకు. ఈ మూడూ చేతికి వచ్చినయ్ గనక సీజర్ ఇంకొకరి కొట్టం ముందు చెయ్యి కట్టుకొని నిలబడే అవసరం రాలేదు.

అప్పుడాయన ఏం చేశాడు? సొంత ముద్ర చేయించుకున్నాడు. తాను చేసిన చిత్రికల మొహం మీద 'సీజర్ షెలర్, రెంథమ్‌లో నివసించే' అని కొట్టాడు. యజమాని కొట్టిన మాటే. తేడా ఏందంటే, నిన్నటిదాకా ఇంటి సామాన్లతోపాటు లెక్కలో ఉన్న మనిషి, ఈరోజు 'నేను ఈ ఊళ్లో నివసిస్తున్నా' అని ఇనుముతో చెక్కలో దించుతున్నాడు. కొన్న ప్రతి తెల్లవడ్రంగి చేతికింద ఆ పేరు ఉంది.

1784లో చనిపోయేదాకా, అంటే దాదాపు 30 ఏళ్లు, ఆయన స్వతంత్రుడిగా బతికాడు. ఆయన కళ్లెదుటే ఇంకో సంగతి జరిగింది. అదే మసాచుసెట్స్‌లో క్వాక్ వాకర్ అనే నల్లమనిషి యజమాని నుంచి తప్పించుకొని కోర్టుకెక్కాడు. 1783లో పై కోర్టు ప్రధాన న్యాయమూర్తి, మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని రాసుకున్న 1780 నాటి తమ రాజ్యాంగంతో బానిసత్వం పొసగదని చెప్పాడు. 1790 జనాభా లెక్కల్లో ఆ రాష్ట్రంలో బానిసలు సున్న.

అమెరికాలో పేరుతో సహా మనకు తెలిసిన మొదటి నల్లజాతి పనిముట్ల తయారీదారు సీజర్ షెలర్. ఆయన చిత్రికలు ఇప్పుడు కలోనియల్ విలియమ్స్‌బర్గ్ లాంటి మ్యూజియంలలో ఉన్నయ్. బయట అమ్మకానికి వస్తే పాత వస్తువులు సేకరించేవాళ్లు వేల డాలర్లు పెట్టి కొంటారు. ఆ ధరలు చూసి మనం మురవనక్కర్లేదు. ఆ డబ్బు సీజర్ సంతానానికి పోదు. మనం చూడాల్సింది పేరును.

భూమీ పనిముట్టూ లేని స్వేచ్ఛ

ఇప్పుడు దీని రెండో పక్క చూడండి. సీజర్‌కు స్వేచ్ఛ వచ్చి 112 ఏళ్లు గడిచాక, 1865లో అంతర్యుద్ధం ముగిసింది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా అంతటా బానిసత్వం చట్టప్రకారం రద్దయింది. దాదాపు 40 లక్షలమంది విడుదలయ్యారు. ఆ ఏడాది జనవరిలోనే షెర్మన్ అనే సేనాధిపతి దక్షిణ సముద్రతీరంలో వదిలేసిన భూములను నల్లకుటుంబాలకు 40 ఎకరాల లోపు చొప్పున పంచమని ఉత్తరువు ఇచ్చాడు. దాదాపు 40 వేలమంది ఆ భూముల్లో స్థిరపడ్డారు. అదే ఏడాది ఆఖరికల్లా ఆండ్రూ జాన్సన్ అనే అధ్యక్షుడు ఆ భూముల్లో చాలాభాగం పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. విడుదలైన జనం పాత దొర పొలంలోనే కౌలుకు, అప్పుకు మళ్లీ తలవంచారు.

సీజర్‌కు ఒక్కడికి దొరికింది, లక్షలమందికి దొరకలేదు. ఒకరి మంచితనం మీద ఆధారపడితే ఒక్కడు బయటపడతాడు. జనం మొత్తం బయటపడాలంటే అది హక్కుగా రావాలి, వచ్చినదాన్ని నిలబెట్టుకునే బలం ఉండాలి.

ఇది మనకు కొత్తకథ కాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూములు చేతులు మారిపోతున్నాయని 1977లో ఆంధ్రప్రదేశ్‌లో అసైన్డ్ భూముల చట్టం చేయాల్సి వచ్చింది. పట్టా కాగితం ట్రంకుపెట్టెలో, పొలం ఇంకొకరి నాగలికింద ఉన్న ఇళ్లు ఎన్నో ఇక్కడ కూర్చున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

పనిముట్ల సంగతి అంతకంటే లోతైంది. మన వాడల్లో పని లేదా? పనికేం తక్కువ లేదు. ఆరె, రంపె పట్టి తోలు కుట్టింది మన పెద్దలు. లందలో తోలు నానబెట్టి, దాన్ని మోటకు పనికొచ్చేట్టు చేసింది మన పెద్దలు. మోట లేకపోతే ఊరి మెట్టచేలు తడిసేవా? అయినా కళ్లంలో కొలిచిన మేర అడుగుబొడుగు గింజలే. ఏ పనిముట్టు పట్టాలి, ఏది పట్టకూడదు అనేది పుట్టుక నిర్ణయించింది. చెట్టు నరికే గొడ్డలి మనది. చిత్రిక మనది కాదు. బరువు మోసే పని మనది. కొలతవేసే పని మనది కాదు. మొద్దుగా ఉన్నంతసేపు ముట్టుకోవచ్చు. పలక అయ్యాక ముట్టుకోకూడదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. వడ్రంగి మనకు శత్రువు కాదు. ఆయన కూడా మేర కోసం కళ్లం దగ్గర నిలబడ్డవాడే. గుడి రథం చేసింది ఆయన, రథం ఎక్కింది ఇంకొకరు. ఆయన చిత్రిక మీదా ఆయన పేరు లేదు. ఆచారి గారు నేను ముట్టుకున్న చిత్రికను కడిగాడు. ఆయన కొడుకు ఈరోజు పనిముట్టే లేకుండా రోజుకూలికి పోతున్నాడు. కడిగిన నీళ్లు ఆయన్నీ కాపాడలేదు. ఈ సంగతి ఆ తమ్ముడితో కూర్చొని మాట్లాడుతున్నా. మీరూ మీ ఊళ్లల్లో మాట్లాడండి.

మనం చేయగలిగింది

నేను మూడు పనులు అడుగుతా.

ఒకటి. పాత చెక్క చిత్రికలు ఎక్కడన్నా పొయ్యిలోకి పోతుంటే ఆపండి. 1869లో అమెరికాలో స్టాన్లీ కంపెనీ బెయిలీ అనే ఆయన ఇనుప చిత్రిక హక్కులు కొన్నాక ఇనుపవి లోకమంతా పాకినయ్. తర్వాత కరెంటువి వచ్చినయ్. కానీ చెక్కది తేలిక, చెక్క మీద చెక్క సాఫీగా జారుద్ది, కరెంటు అడగదు, పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు. పాతది దొరికితే ముందు నోటి పక్కన నెర్రెలున్నాయేమో చూడండి. బిగింపు చెక్క ఆనేచోట పగిలితే దాన్ని పనికి పెట్టొద్దు. అడుగు వంకరుంటే, అలుగును లోపలికి లాగి బిగించి ఉంచి, చదునైన అద్దంపలక మీద గరుకుకాగితం పరిచి రుద్దండి. బిగించి ఎందుకంటే, బిగిస్తేనే దిమ్మె పనిచేసేటప్పటి ఆకారంలో ఉంటుంది. అలుగు వెనకవైపు అద్దంలా చదును చేసి, మొన 25 నుంచి 30 డిగ్రీల వాలులో నూరండి. అవిసె నూనె పలచగా పట్టించి ఆరనివ్వండి. అడుగుకు కొవ్వొత్తి రాస్తే తోయడం సులువు. ఎండలో పెట్టొద్దు. నీళ్లతో కడగొద్దు.

రెండు. పిల్లలకు పని నేర్పేటప్పుడు ముక్క నేర్పొద్దు, మొత్తం నేర్పండి. లాగుడు పని, మోత పని నేర్పి కొలత పని దాచిపెట్టే మేస్త్రీలు ఉన్నారు. గీత గీసేవాడు వేరు, గీత మీద కోసేవాడు వేరు అయితే, కోసేవాడు బతుకంతా కోస్తూనే ఉంటాడు. ఆడపిల్లలకు కూడా నేర్పండి. చిత్రిక తోయడానికి కావలసింది కండ కంటే పదునైన అలుగు.

మూడు. పనిముట్టు సొంతానికి ఉండాలి. మేస్త్రీ సంచి మోసినంతకాలం మేస్త్రీ చెప్పిందే కూలి. సంఘంలో చందాలేసుకొనైనా ఒక పిల్లవాడికి ఒక సంచి కొనిపెట్టండి. రంపం, రెండు ఉలులు, సుత్తి, మూలమట్టం, సానరాయి, చిత్రిక. చిత్రికకు అలుగు ఒక్కటే కొనాలి, దిమ్మె మనమే చేసుకోవచ్చు. మన తుమ్మ ఉంది గదా. కాకపోతే పచ్చిచెక్కతో చెయ్యొద్దు. నీడన ఏళ్లు ఆరిన చెక్క కావాలి. మీ ఇంట్లో విరిగిన పాత బండి ఉంటే దాని కాడిలో, పోలుగర్రలో అలాంటి చెక్క దొరుకుద్ది.

ఇక ముగిస్తా. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న ఈ చిత్రిక మీద నేను నా పేరు కొట్టలేదు. దీన్ని చేసింది ఆచారి గారు. ఆయన పేరు కొట్టించమని కొడుకును అడిగా. సరేనన్నాడు.

ఇదిగో, సంచిలోంచి రెండోది తీస్తున్నా. ఇందాక చెప్పా గదా, మూడు దిమ్మెలు పాడయ్యాక నాలుగోది కుదిరిందని. ఇదే అది. మొహం మీద చూడండి. నా పేరు కాదు, మా నాన్న పేరు. ఊరు పిలిచినట్టు కాదు, మా నాయనమ్మ పెట్టినట్టు, చివర అయ్య అని. దాని కింద ఊరి పేరు. చెట్టు కొట్టిందీ రంపం లాగిందీ ఆయన, చిత్రిక పట్టుకోకుండా పోయిందీ ఆయన.

రేపు పొద్దున ఆరు గంటలకు ఈ హాలు ముందే వేపచెట్టు కింద అలుగులు నూరడం మొదలుపెడదాం. సానరాళ్లు ఆరు తెచ్చా. ఒక్కొక్కరు ఒక పాతగుడ్డ, ఒక చెంబుతో నీళ్లు తెచ్చుకోండి. నీళ్లు సానరాయికి, చిత్రికకు కాదు.

జై భీమ్.